సౌండ్‌గార్డెన్: సియాటిల్‌లో ముందు మొదలెట్టినవాళ్ళు మన లెక్కలో మూడోవాళ్ళు ఎలా అయ్యారు?

కోఠి క్యాసెట్ · హైదరాబాద్

మొత్తానికి సియాటిల్ రాక్ బ్యాండ్ సౌండ్‌గార్డెన్‌కి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. 2020లో ఒకసారి, 2023లో ఇంకోసారి పేరు పరిశీలనకి వచ్చి అక్కడితో ఆగిపోయింది. ఈసారి, 2025 నవంబర్ 8న, లాస్ ఏంజిలెస్‌లో జిమ్ క్యారీ వాళ్ళని సభకి పరిచయం చేశాడు. గిటారిస్ట్ కిమ్ థాయిల్, డ్రమ్మర్ మాట్ కామెరన్, బేస్ వాయించే బెన్ షెపర్డ్, వాళ్ళతోపాటు ఎప్పుడో బయటికి వెళ్ళిపోయిన మొదటి బేస్ ప్లేయర్ హిరో యమమోటో, అందరికీ గౌరవం దక్కింది. అందుకోవడానికి గాయకుడు క్రిస్ కార్నెల్ లేడు, 2017లోనే చనిపోయాడు.

సంతోషించాల్సిన వార్తే. కానీ ఆ రోజు నుంచి మన తెలుగు గ్రూపుల్లో వస్తున్న పోస్టులు చూస్తుంటే మనసు చివుక్కుమంటోంది. "నిర్వానా పుణ్యమా అని పైకొచ్చిన బ్యాండ్లలో ఒకటి" అని రాస్తున్నారు. సియాటిల్ బ్యాండ్ల వరస చెప్పేటప్పుడు కూడా ముందు నిర్వానా, తర్వాత పర్ల్ జామ్, ఆ తర్వాత వీళ్ళు.

కాలక్రమం చూడండి. సౌండ్‌గార్డెన్ మొదలైంది 1984లో. నిర్వానా 1987లో, పర్ల్ జామ్ 1990లో. 1986లో సి/జెడ్ రికార్డ్స్ వాళ్ళు సియాటిల్, దాని చుట్టుపక్కల బ్యాండ్లని పోగుచేసి "డీప్ సిక్స్" అని ఒక ఎల్‌పీ వేశారు. గ్రీన్ రివర్, మెల్విన్స్, మాల్ఫంక్షన్, స్కిన్ యార్డ్, యు-మెన్, వాళ్ళ పక్కన సౌండ్‌గార్డెన్. ఈ సియాటిల్ రాక్‌కి గ్రంజ్ అన్న పేరు జనం నోట్లో పడకముందే ఆ శబ్దం అందులో ఉంది. 1989 సెప్టెంబర్‌లో "లౌడర్ దేన్ లవ్" ఏ అండ్ ఎమ్ రికార్డ్స్ నుంచి వచ్చింది. ఆ జట్టులో పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న మొదటి బ్యాండ్ ఇదే.

నా వాదన రెండు ముక్కల్లో చెప్తాను. వీళ్ళు ఎవరి వెనకాలా రాలేదు. రెండోది, వీళ్ళని వీళ్ళుగా నిలబెట్టింది కార్నెల్ గొంతు ఎంతో, థాయిల్ గిటార్ కూడా అంతే. ఆ రెండో మాట మాట్లాడేవాళ్ళు బొత్తిగా కనపడట్లేదు. మీరంతా ఏమంటారు?


రమణ94 · విజయవాడ

అన్నా, తేదీలన్నీ ఒప్పుకుంటాను. కానీ ముందు రావడం ఒకటి, జనంలోకి వెళ్ళడం ఇంకొకటి. నిర్వానా "నెవర్‌మైండ్" 1991 సెప్టెంబర్ 24న విడుదలైంది. 1992 జనవరికల్లా మైకేల్ జాక్సన్ "డేంజరస్"ని దింపేసి అమెరికా అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. అదే కాలంలో అక్టోబర్‌లో వచ్చిన సౌండ్‌గార్డెన్ "బ్యాడ్‌మోటర్‌ఫింగర్" 39 దగ్గర ఆగింది. రేడియో వాళ్ళు, టీవీ వాళ్ళు, కంపెనీల వాళ్ళు సియాటిల్ విమానం ఎక్కింది నిర్వానా గాయకుడు కర్ట్ కోబెయిన్ వల్లే. ఆ గాలి లేకపోతే 1994లో "సూపర్‌అన్‌నోన్" మొదటి వారంలోనే నంబర్ వన్ అయ్యేదా? నాకు నమ్మకం లేదు.

సౌండ్‌గార్డెన్ అంటే నాకూ ప్రాణమే. నా పేరు పక్కన 94 ఉన్నది కూడా అందుకే.


లేక్ వాషింగ్టన్ · రెడ్‌మండ్

రమణగారు, కంపెనీలు ఎందుకు వచ్చాయన్నది మీరన్నట్టే అనుకుందాం. మరి నిర్వానా మొదటి ఆల్బమ్ వేసిన చిన్న రికార్డు కంపెనీ సబ్ పాప్ ఎలా నిలబడింది?

కిమ్ థాయిల్ పెరిగింది చికాగో దగ్గర పార్క్ ఫారెస్ట్‌లో. హిరో యమమోటో, బ్రూస్ పావిట్ కూడా ఆ ఊరివాళ్ళే. స్కూలు రోజుల స్నేహితులు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వాషింగ్టన్ రాష్ట్రానికి చేరారు. పావిట్ సబ్ పాప్ నడుపుతున్నాడు, చేతిలో డబ్బు లేదు. రేడియోలో పనిచేసే జోనథన్ పోన్‌మన్‌కి సౌండ్‌గార్డెన్ పాటలు రికార్డుగా తేవాలని ఉంది. మీరిద్దరూ కలిసి పనిచేయండి అని వాళ్ళని కలిపింది థాయిల్. పోన్‌మన్ 20,000 డాలర్లు పెట్టాడు. 1987లో "స్క్రీమింగ్ లైఫ్" అనే ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) బయటికొచ్చింది. దాన్ని రికార్డు చేసింది రెసిప్రోకల్ స్టూడియోలో జాక్ ఎండినో. రెండేళ్ళ తర్వాత అదే ఎండినో, అదే స్టూడియోలో, అదే కంపెనీకి నిర్వానా "బ్లీచ్" రికార్డు చేశాడు. ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు, 600 డాలర్లు అని ఆల్బమ్ అట్ట మీదే వేసుకున్నారు.

కాబట్టి ఎవరి వల్ల ఎవరు అన్న లెక్క 1991 నుంచి మొదలుపెడితే సరిపోదండీ. 1987కి వెళ్ళాలి.

బ్యాండ్ పేరు సంగతి కూడా చెప్తాను. ఇక్కడ లేక్ వాషింగ్టన్ ఒడ్డున, మాగ్నసన్ పార్క్ పక్కన, వాతావరణ పరిశోధన సంస్థ నోవా వాళ్ళ ఆవరణలో డగ్లస్ హోలిస్ చేసిన శిల్పం ఒకటుంది. పేరు "ఎ సౌండ్ గార్డెన్". పన్నెండు ఉక్కు స్తంభాలు, ఒక్కోదాని తలమీద గాలివాటానికి తిరిగే రెక్క, దానికి వేలాడే గొట్టం. గాలి వీచినప్పుడు ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు శబ్దం వస్తుంది, ఒక్కో గొట్టానికి ఒక్కో స్థాయి. గాలి తిరిగితే స్వరాలు కలిసే తీరు కూడా మారిపోతుంది. ఇది ప్రభుత్వ ఆవరణ కాబట్టి గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి, శని ఆదివారాలు లోపలికి వెళ్ళనివ్వరు. బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, పిల్లల్ని స్పేస్ నీడిల్‌కి తీసుకెళ్తాం, ఇటువైపు మాత్రం రాము. వీలు చూసుకుని ఒక పనిరోజు వెళ్ళండి.


మల్లిక ఎం · బెంగళూరు

కిమ్ థాయిల్ గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఆయన తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్ళినవాళ్ళు. తండ్రి కెమికల్ ఇంజనీరింగ్ చదివారు. తల్లి లండన్‌లో రాయల్ అకాడమీలో సంగీతం నేర్చుకున్నారు. 1960లో సియాటిల్‌లోనే కిమ్ పుట్టాడు. అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివాడు, కెసిఎమ్‌యు రేడియోలో డీజేగా పనిచేశాడు.

హిరో యమమోటో జపాన్ మూలాలున్నవాడు. అంటే 1984లో ఆ బ్యాండ్ మొదలుపెట్టిన ముగ్గురిలో ఇద్దరు ఆసియా కుటుంబాల పిల్లలు. పొడుగు జుట్టు, ఫ్లానెల్ చొక్కా వేసుకున్న తెల్ల కుర్రాళ్ళ సంగీతం అని గ్రంజ్‌కి ముద్ర వేసేశారు. పునాది వేసిన బ్యాండ్ మాత్రం అలా లేదు. ఇది ఎంత పెద్ద సంగతో చిన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. గిటార్ పట్టుకున్న ఆడపిల్లగా, ఇది మనకి సంబంధించిన సంగీతం కాదు అని బంధువుల చేత అనిపించుకున్నదాన్ని. థాయిల్ ఫొటో నా గదిలో ఉంటే ఆ మాటకి జవాబు చెప్పినట్టే ఉండేది.


రమణ94 · విజయవాడ

మల్లికగారూ, ఆయన అమెరికాలో పుట్టి అమెరికాలో పెరిగినవాడు. మన ఖాతాలో వేసుకోవడం ఎంతవరకు న్యాయం? ఎవరైనా పైకి రాగానే "మనవాడే" అనడం మనకి అలవాటైపోయింది.


మల్లిక ఎం · బెంగళూరు

మన ఖాతాలో వేయమని నేను అడగలేదు రమణగారు. ఆయన సంగీతంలో కేరళ వెతకమనీ అనట్లేదు. ఆయన పెరిగింది కిస్, ఎమ్‌సీ5, బ్లాక్ సబ్బత్ వింటూ. నేనంటున్నది అక్కడి చరిత్ర గురించి. సియాటిల్ రాక్ కథ చెప్పేటప్పుడు ఆయన ముఖం చిత్రం అంచుకి జరిగిపోవడం అలవాటుగా మారింది. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక వంద మంది గిటారిస్టుల జాబితాలో ఆయన్ని నూరో స్థానంలో పెట్టింది. జాబితాలో ఉన్నాడని సంతోషించాలో, ఆఖర్న పెట్టారని బాధపడాలో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు మాత్రం బాధే.


డ్రాప్‌డి · వైజాగ్

నూరో స్థానం అన్యాయం. గిటార్ వాయించేవాడిగా చెప్తున్నాను.

థాయిల్ సోలోలు వేగం చూపించడానికి వాయించడు. ఆయన గిటార్ గిల్డ్ ఎస్-100. అందులో బ్రిడ్జికీ, తీగలు బిగించే వెనక భాగానికీ మధ్య కొంచెం జాగా ఉంటుంది. మామూలుగా అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు. ఈయన ఆ ముక్క మీద మీటుతాడు. గాజు గీసినట్టు సన్నటి శబ్దం వస్తుంది, దానికి ఫీడ్‌బ్యాక్ (ఆంప్లిఫైయర్ శబ్దం గిటార్‌కి తిరిగొచ్చి పెట్టే ఊళ) కలుపుతాడు. మొదటి ఈపీ నుంచి ఆయన శబ్దంలో ఈ వింత ఉంది.

ఇక శ్రుతి. ఆరో తీగని E స్వరం నుంచి D (డి) స్వరానికి దింపడం (డ్రాప్ డి అంటారు, నా పేరు అదే) వీళ్ళకి మెల్విన్స్ బజ్ ఆస్‌బోర్న్ ద్వారా తెలిసింది. "స్క్రీమింగ్ లైఫ్"లో "నథింగ్ టు సే" వినండి, ఆ దింపిన తీగ బరువు తెలుస్తుంది. అక్కడితో ఆగలేదు. "రస్టీ కేజ్"లో ఆరో తీగ ఏకంగా బి దాకా దిగుతుంది. దాని మొదట్లో గిటార్ ఎక్కడో గోడ అవతల నుంచి వినిపిస్తుంది కదా, అక్కడ వా పెడల్‌ని (కాలితో ఊపి శబ్దం మార్చే పరికరం) ఊపకుండా ఒకే చోట నిలిపి ఫిల్టర్‌గా వాడారు. "మైండ్ రయట్"లో ఆరు తీగలూ E స్వరంలోనే. "మై వేవ్", "ద డే ఐ ట్రైడ్ టు లివ్" రెండిటికీ E, E, B, B, B, E. ఇలా కడితే మామూలు తీగల పట్లు ఒక్కటీ పనికిరావు, వేళ్ళకి తెలిసినదంతా పక్కన పెట్టి మళ్ళీ వెతుక్కోవాలి. కొత్త రిఫ్‌లు (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్కలు) అలా పుట్టాయి. స్టేజి మీద పాటపాటకీ గిటార్ మార్చుకోవాల్సి వచ్చేది కూడా అందుకే.


చాపుతాళం · రాజమండ్రి

మృదంగం నేర్చుకున్నవాడిని. ఈ బ్యాండ్ దగ్గరికి నేను వచ్చింది గొంతు వల్ల కాదు, గిటార్ వల్ల కాదు, మాట్ కామెరన్ వల్ల.

"ఔట్‌షైన్డ్" రిఫ్ ఏడు మాత్రలు. "స్పూన్‌మ్యాన్" కూడా ఏడే. "ఫెల్ ఆన్ బ్లాక్ డేస్" ఆరు. "లిమో రెక్" పదిహేను. రాక్ సంగీతంలో ఏడు అనగానే లెక్కలు వేసి ఇరికించినట్టు వినిపిస్తుంది చాలాసార్లు. వీళ్ళ దగ్గర అలా ఉండదు. తల ఊపుకుంటూ వినేవాడికి ఒక మాత్ర తగ్గిందని తెలియనే తెలియదు. మనకి ఏడు కొత్తది కాదు. శ్యామశాస్త్రిగారి కృతుల్లో మిశ్రచాపు ఎన్నింటిలో ఉందో వినేవాళ్ళకి తెలుసు. తకిట తకధిమి, మూడూ నాలుగూ. "ఔట్‌షైన్డ్"ని నేను తిప్పి, నాలుగూ మూడుగా వేసుకుంటాను, అప్పుడు చేతికి సుఖంగా ఉంటుంది. కోరస్ దగ్గర మామూలు నాలుగులోకి దిగుతారు, ఆ దిగడంలోనే పాట ఒక్కసారి విశాలమైపోతుంది. ఒకసారి చేత్తో తాళం వేస్తూ వినండి.

థాయిల్ ఒక ఇంటర్వ్యూలో చెప్పింది ఏంటంటే, పాట తయారయ్యేదాకా వాళ్ళు మాత్రలు లెక్కపెట్టుకునేవాళ్ళు కారట, ఆ బేసి లెక్కలు అనుకోకుండా వచ్చినవేనట. రిఫ్ ఎటు వెళ్తే తాళం అటు వెళ్ళింది. కామెరన్ గొప్పతనం అక్కడే. ఎదుటివాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ సమం పెడతాడు.

"స్పూన్‌మ్యాన్"లో చెంచాలు వాయించింది ఆర్టిస్ అనే సియాటిల్ వీధి కళాకారుడు. కామెరన్ అందులో వంటగిన్నెలు కూడా వాయించాడు. ఆ మధ్య భాగం నాకు తనియావర్తనమే.


కొత్తశ్రోత · వరంగల్

ఇవన్నీ చదువుతుంటే వినాలనిపిస్తోంది. నాకు "బ్లాక్ హోల్ సన్" ఒక్కటే తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ మధ్యే ఒక గిటార్ కూడా కొన్నాను.


రమణ94 · విజయవాడ

"సూపర్‌అన్‌నోన్". ఇంకో మాట లేదు. 1994 మార్చి 8. నిర్మాత మైకేల్ బైన్‌హార్న్, రికార్డింగ్ సియాటిల్‌లోనే బ్యాడ్ యానిమల్స్ స్టూడియోలో. అమెరికాలోనే 50 లక్షల పైన అమ్ముడుపోయింది. 1995లో రెండు గ్రామీలు, "బ్లాక్ హోల్ సన్"కి హార్డ్ రాక్‌లో, "స్పూన్‌మ్యాన్"కి మెటల్‌లో. డెబ్భై నిమిషాల ఆల్బమ్, ఒక్క పాట దాటేయాలనిపించదు. "బ్లాక్ హోల్ సన్" ఎలాగూ తెలుసు కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ గిటార్ ఒక్కదాన్నే వినండి, నీళ్ళలో కదులుతున్నట్టు ఉంటుంది. లోపల తిరిగే లెస్లీ స్పీకర్ గుండా పంపిన శబ్దం అది. తర్వాత "ఫోర్త్ ఆఫ్ జులై". దీపం ఆర్పేసి వినకండి, టెన్షన్ వచ్చేస్తుంది.


కోఠి క్యాసెట్ · హైదరాబాద్

రమణా, "సూపర్‌అన్‌నోన్" గొప్పదే, నేను కాదనను. కానీ కొత్తగా వినేవాళ్ళకి "బ్యాడ్‌మోటర్‌ఫింగర్" ఇవ్వాలి. నలుగురూ ఒకే గదిలో ఒకరి మీదికి ఒకరు దూకుతున్నట్టుంటుంది. హిరో యమమోటో ఫిజికల్ కెమిస్ట్రీలో మాస్టర్స్ పూర్తి చేస్తానని వెళ్ళిపోయాడు. అతని జాగాలో కొన్నాళ్ళు జేసన్ ఎవర్‌మన్ వాయించాడు. పైన చెప్పిన ఆ 606 డాలర్లు చెల్లించింది ఇతనే. నిర్వానాలో గిటార్, సౌండ్‌గార్డెన్‌లో బేస్ వాయించి, రెండు చోట్లా బయటికి వచ్చేసి, తర్వాత అమెరికా సైన్యంలో చేరాడు. 1990లో బెన్ షెపర్డ్ వచ్చాక బ్యాండ్‌కి కొత్త రక్తం ఎక్కింది. అతను రాసిన ముక్కల్లో ఒక మొరటుతనం ఉంటుంది. "జీసస్ క్రైస్ట్ పోజ్" వినండి, నలుగురూ కలిసి కట్టిన పాట. దాని వీడియోని ఎమ్‌టీవీ ఆపేసింది.

ఆ పాటలో కార్నెల్ ఎంత పైకి వెళ్తాడో చూసి జనం నోరు తెరుస్తారు, తెరవాల్సిందే. కానీ కింద థాయిల్ గిటార్ ఏడుస్తున్న తీరు లేకపోతే ఆ గొంతుకి నిలబడే చోటే ఉండదు. నా రెండో ముక్క అదే.

ఇంకో మాట. 1996లో జానీ క్యాష్ "రస్టీ కేజ్" పాడాడు. అరవై దాటిన కంట్రీ గాయకుడు, గొంతు బొంగురు, చేతిలో అకూస్టిక్ గిటార్. పాట చెక్కుచెదరలేదు. ఆ ఆల్బమ్‌కి కంట్రీ విభాగంలో గ్రామీ వచ్చింది. అరుపులు తీసేసినా మిగిలేది ఉందని అంతకంటే రుజువు ఏం కావాలి?


మల్లిక ఎం · బెంగళూరు

కొత్తశ్రోతగారూ, ఈ ఇద్దరి గొడవ తేలేది కాదు. మధ్యలో "టెంపుల్ ఆఫ్ ద డాగ్" వినండి. అది సౌండ్‌గార్డెన్ ఆల్బమ్ కాదు, కానీ కార్నెల్ మనిషిగా ఎలాంటివాడో అందులో తెలుస్తుంది.

మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్, కార్నెల్ ఒకప్పుడు ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. 1990 మార్చి 19న హెరాయిన్ ఎక్కువై ఆండ్రూ చనిపోయాడు, ఇరవై నాలుగేళ్ళకే. కార్నెల్ దుఃఖంలో రెండు పాటలు రాసుకుని, ఆండ్రూ బ్యాండ్‌లోని స్టోన్ గోసార్డ్, జెఫ్ ఆమెంట్‌లని పిలిచాడు. మైక్ మెక్‌రెడీ, మాట్ కామెరన్ తోడయ్యారు. అదే రోజుల్లో శాన్ డియేగో నుంచి ఒక బిడియస్తుడైన కుర్రాడు గోసార్డ్ వాళ్ళ కొత్త బ్యాండ్‌లో (అదే తర్వాత పర్ల్ జామ్ అయింది) పాడటానికి వచ్చాడు, ఎడ్డీ వెడ్డర్. "హంగర్ స్ట్రైక్" రిహార్సల్‌లో పై స్థాయి, కింది స్థాయి రెండూ పాడటానికి కార్నెల్ ఇబ్బంది పడుతుంటే, ఓ మూల కూర్చున్న వెడ్డర్ లేచి మైకు దగ్గరికొచ్చి కింది స్థాయి అందుకున్నాడు. కార్నెల్‌కి నచ్చి, రికార్డులోనూ అతని చేతే పాడించాడు. పేరున్న గాయకుడు, ఊరికి కొత్తగా వచ్చిన కుర్రాడికి సగం పాట ఇచ్చేశాడు. పర్ల్ జామ్ మొదటి ఆల్బమ్ అప్పటికి రానేలేదు.

వరసలో ఎవరు ముందు అని అడిగేవాళ్ళకి నేను ఈ సంగతి చెప్తాను.


రమణ94 · విజయవాడ

ఈ ఒక్క పోస్టుకి దణ్ణం మల్లికగారు.


డ్రాప్‌డి · వైజాగ్

1997లో ఎందుకు విడిపోయారో కూడా ఎవరైనా రాయండి. "డౌన్ ఆన్ ది అప్‌సైడ్" నాకు చాలా ఇష్టం, దాన్ని ఓడిపోయిన ఆల్బమ్‌లా మాట్లాడతారు.


లేక్ వాషింగ్టన్ · రెడ్‌మండ్

ఓడిపోవడమేమీ లేదు. 1996 మేలో వచ్చి బిల్‌బోర్డ్‌లో రెండో స్థానంలో మొదలైంది. బయటి నిర్మాత లేకుండా వాళ్ళే చేసుకున్నారు. కానీ కార్నెల్ బరువైన రిఫ్‌ల నుంచి పక్కకి జరగాలనుకున్నాడు, థాయిల్‌కి ఆ బరువే ఇష్టం. ఆల్బమ్‌లో చాలా పాటల రచన కార్నెల్, షెపర్డ్‌ల వైపు వెళ్ళిపోయింది. దాని మీద టూర్ల అలసట.

1997 ఫిబ్రవరి 9న హొనొలులులో ఆఖరి కచేరీ. షెపర్డ్ బేస్ సరిగా మోగలేదు, విసుగొచ్చి దాన్ని గాల్లోకి విసిరేసి వెళ్ళిపోయాడు. జనం మళ్ళీ మళ్ళీ పిలిస్తే కార్నెల్ ఒక్కడే వచ్చి పాడాడు. ఏప్రిల్ 9న విడిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. ఒకరినొకరు పత్రికల్లో తిట్టుకోలేదు, అది నాకు నచ్చుతుంది. కామెరన్ మరుసటి ఏడాది పర్ల్ జామ్‌కి వెళ్ళి 2025 దాకా అక్కడే ఉన్నాడు. కార్నెల్ సోలో ఆల్బమ్ చేసి, ఆ తర్వాత రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ వాళ్ళతో ఆడియోస్లేవ్ పెట్టాడు. థాయిల్ పెద్ద బ్యాండ్ దేంట్లోనూ చేరలేదు. 1999లో సియాటిల్‌లో డబ్ల్యూటీవో సమావేశాలకి వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చినప్పుడు, పంక్ గాయకుడు జెల్లో బియాఫ్రా, నిర్వానా క్రిస్ట్ నొవోసెలిచ్‌లతో కలిసి అక్కడి షోబాక్స్ హాల్లో వాయించాడు.

అదే షోబాక్స్‌లో 2010 ఏప్రిల్ 16న సౌండ్‌గార్డెన్ మళ్ళీ వేదికెక్కింది, "న్యూడ్‌డ్రాగన్స్" అన్న మారుపేరుతో. సౌండ్‌గార్డెన్ అక్షరాలే, అటూ ఇటూ మార్చారు. 2012 నవంబర్‌లో "కింగ్ యానిమల్" వచ్చింది. పదహారేళ్ళ తర్వాత వచ్చిన ఆల్బమ్ అంటే ఎవరైనా భయపడతారు. ఒకసారి శ్రద్ధగా వినండి, పాత పేరు మీద బతికే ప్రయత్నం అందులో ఎక్కడా లేదు.


కొత్తశ్రోత · వరంగల్

కార్నెల్ ఎలా చనిపోయాడు? రకరకాలుగా రాస్తున్నారు నెట్‌లో.


నిర్వాహకులు

2017 మే 17 రాత్రి డెట్రాయిట్‌లోని ఫాక్స్ థియేటర్‌లో సౌండ్‌గార్డెన్ కచేరీ అయ్యాక, 18వ తేదీ తొలి గంటల్లో ఆయన చనిపోయారు. వయసు 52. అధికారులు ఆత్మహత్యగా నిర్ధారించారు. అంతకు మించిన ఊహాగానాలు, వివరాలు, వీడియో లింకులు ఇక్కడ పెట్టవద్దు, తీసేస్తాం. ఈ విషయం చదువుతూ ఎవరికైనా మనసు బరువెక్కితే, ఒంటరిగా ఉండకండి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి. టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.


మల్లిక ఎం · బెంగళూరు

నిర్వాహకులకి థ్యాంక్స్. ఒక్క మాట. ఆయన పాటల్లో దిగులు ఉంది కాబట్టి ముందే తెలిసిందని రాసేవాళ్ళున్నారు. దిగులు గురించి రాసిన ప్రతివాడి పాటనీ చావు చీటీలా చదవడం తప్పు. "ఫెల్ ఆన్ బ్లాక్ డేస్" విని, నా ఒక్కదానికే ఇలా లేదు అనుకుని లేచి పనిలోకి వెళ్ళినవాళ్ళు ఎంతమందో. నేనూ అందులో ఉన్నాను.


చాపుతాళం · రాజమండ్రి

నిజం. ఆ పాట ఆరు మాత్రల్లో నడుస్తుందని పైన రాశాను. దాంట్లో ఆగిపోవడం లేదు, నడక ఉంది. మాట దిగులుగా ఉన్నా డ్రమ్ ముందుకే వెళ్తుంది.


కోఠి క్యాసెట్ · హైదరాబాద్

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే వారసత్వం అంటే విగ్రహాలు, అవార్డులు మాత్రమే కాదు. సియాటిల్‌లో మోపాప్ మ్యూజియం బయట 2018 అక్టోబర్‌లో కార్నెల్ విగ్రహం పెట్టారు. 2019 జనవరి 16న లాస్ ఏంజిలెస్ దగ్గర ఫోరమ్‌లో పెద్ద స్మారక కచేరీ జరిగింది. ఆ ఏడాది చివర్లోనే ఆయన భార్య వికీ కార్నెల్‌కీ బ్యాండ్‌కీ మధ్య కోర్టు కేసు. ఆయన గొంతు రికార్డు చేసిన ఏడు పాటలు ఎవరివి, డబ్బు లెక్క ఏంటి అని. 2023 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది, ఆ పాటలు విడుదల చేస్తామని ఇద్దరూ కలిసి ప్రకటించారు. ఆ కేసు నడిచినన్నాళ్ళూ వినేవాళ్ళం కూడా రెండు జట్లుగా విడిపోయి కొట్టుకున్నాం. భర్తని పోగొట్టుకున్న మనిషినీ, ముప్ఫై ఏళ్ళ స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాళ్ళనీ తిట్టడానికి మనమెవరం?

మొన్న హాల్ ఆఫ్ ఫేమ్ రాత్రి కార్నెల్ కూతురు టోనీ, హార్ట్ బ్యాండ్ నాన్సీ విల్సన్ గిటార్ మీద, "ఫెల్ ఆన్ బ్లాక్ డేస్" పాడింది. టేలర్ మామ్‌సెన్, బ్రాండీ కార్లైల్ గొంతులిస్తే మిగిలిన సభ్యులు "రస్టీ కేజ్", "బ్లాక్ హోల్ సన్" వాయించారు. కార్నెల్‌లా పాడాలని వాళ్ళిద్దరూ ప్రయత్నించలేదు, ఎవరి గొంతుతో వాళ్ళు పాడారు. కిందనున్న గిటార్, డ్రమ్స్ మాత్రం 1991లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నేను పొద్దున్న నుంచి చెప్తున్న రెండో ముక్క ఆ వీడియో చూస్తే అర్థమవుతుంది. గొంతు మారినా అది సౌండ్‌గార్డెనే అని మొదటి రెండు మాత్రల్లో తెలిసిపోతోంది.


రమణ94 · విజయవాడ

అన్నా, రెండో ముక్క పూర్తిగా ఒప్పుకున్నాను. మొదటిదాని మీద మాత్రం నా మాట నాదే. సబ్ పాప్ దగ్గర నుంచి చూస్తే మీ వరస సరైనది. వరంగల్లో, విజయవాడలో మనదాకా రావడం లెక్కకి తీసుకుంటే నిర్వానాయే ముందు. మనలో చాలామంది అటునుంచే ఇటు వచ్చాం.


కోఠి క్యాసెట్ · హైదరాబాద్

అటునుంచి వచ్చినా పర్వాలేదు, వచ్చాక వెనక్కి కూడా వెళ్ళి వినాలి. "అల్ట్రామెగా ఓకే" 1988లో ఎస్‌ఎస్‌టీ కంపెనీకి చేశారు, రికార్డింగ్ బ్యాండ్‌కే నచ్చలేదు. 2017లో జాక్ ఎండినో మళ్ళీ మిక్స్ చేసి సబ్ పాప్ ద్వారా తెచ్చారు. ఆ కొత్త మిక్స్ వినండి రమణా, తర్వాత మాట్లాడుకుందాం.


కొత్తశ్రోత · వరంగల్

"నథింగ్ టు సే" విన్నాను. వెంటనే గిటార్ తీసి ఆరో తీగ దింపాను, కానీ తీగ మరీ వదులై బరబరమంటోంది. ఏం చేయాలి?


డ్రాప్‌డి · వైజాగ్

నీ గిటార్‌కి తొమ్మిదో నంబర్ సెట్ ఉండి ఉంటుంది, సన్నటి తీగలు. పది లేదా పదకొండు వేయించు తమ్ముడూ, డికి దింపినా బిగువు ఉంటుంది. దింపేటప్పుడు డి కిందికి వెళ్ళి మళ్ళీ పైకి బిగిస్తూ డి దగ్గర ఆపు, అప్పుడు శ్రుతి జారదు. నాలుగో తీగ కూడా డియే కాబట్టి రెండూ కలిపి మోగించి చూసుకో, ట్యూనర్ కూడా అక్కర్లేదు. "రస్టీ కేజ్" జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకు, బి దాకా దింపాలంటే ఇంకా లావు తీగ కావాలి.